అన్న ఆగిన చోట్లు

కొన్న వస్తువును పూర్తిగా వాడుకోకపోతే నాకు మనసొప్పదు. టూత్‌పేస్టు ట్యూబును కత్తెరతో చీల్చి ఇంకో వారం లాగిస్తానని మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తుంటారు. పాకాలలో లెక్కల మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ తిరుపతి నుంచి రైల్లో పోయి వచ్చేవాణ్ణి. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూసింది లేదు, పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి. ఊరికే గడిచిపోయే సమయం అంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

అలాంటి నేను పోయినేడు ఒక ట్యాబ్ కొన్నాను. కొన్నది మా అన్న కోసం. అప్పటికి అన్న పోయి ఆరు నెలలైంది.

మాది వైష్ణవ కుటుంబం. మా వీధి చివర చిన్న కోవెల ఉంది. శనివారం సాయంత్రం అక్కడ గోష్ఠి జరుగుతుంది. పదిమంది పెద్దలు రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని ఆళ్వార్ల పాశురాలు చదువుతారు. ఒక వరుస సగం చెప్పి ఆగితే, మిగతా సగం ఎదుటి వరుస అందుకుంటుంది. అందులో ఎడమ వరుస మొదటి చోటు మా ఇంటిది. అక్కడ మా తాత కూర్చున్నాడు, తర్వాత నాయన, ఆ తర్వాత అన్న. అన్నకు ఒక్కతే కూతురు. కాబట్టి అన్న తర్వాత ఆ చోటు నాది. కానీ నాకు పాశురాలు రావు.

వాటిని నేర్చుకునే పద్ధతిని మేం సంత అంటాం. గురువు ఒక్కసారి చెబుతాడు, శిష్యుడు దాన్ని రెండుసార్లు తిరిగి చెప్పాలి. ఆ రెండుసార్లూ అయ్యేదాకా గురువు నోరు విప్పడు. చిన్నప్పుడు నాయన సంత చెబుతుంటే అన్న బుద్ధిగా కూర్చునేవాడు, నేను ఏదో ఒక వంక పెట్టి లేచి పోయేవాణ్ణి. నాయన పోయాక అన్న నా వెంట పడ్డాడు.

"రేయ్, దినానికి పది నిమిషాలు కూర్చో, సాలు. నేను సెప్తా."

"రిటైరైనాక సూస్తాం లేన్నా."

నలభై ఏళ్ళు ఇదే మాట. తీరా నేను రిటైరయ్యే సమయానికి అన్నకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే ఓపిక పోయింది. అప్పుడు అన్న తన ఫోన్లో పాశురాలు రికార్డు చేసి నాకు పంపడం మొదలుపెట్టాడు, రోజుకొక ఫైలు. నేను ప్రతి ఫైలుకూ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాను. ఒక్కటీ తెరిచి వినలేదు. ఫోన్లో చోటు లేదని చూపించినప్పుడల్లా బరువైన ఫైళ్ళన్నీ తీసేస్తూ వాటినీ తీసేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది ఇదే.

అన్న పోయాక కోవెల పెద్దలు ఒక మాట చెప్పారు. ఏడాది వరకు ఆ చోటు ఖాళీగా ఉంచుతాం, సంవత్సరీకం అయ్యాక మొదటి శనివారం నువ్వొచ్చి కూర్చోవాలి, రాకపోతే వేరేవాళ్ళకిస్తాం అని. అందులో కోపమేమీ లేదు. వరుస నిండాలి కదా. అయితే మూడు తరాల చోటు నా వల్ల పోతుందనే మాట నాకు అన్నం సహించనివ్వలేదు.

అన్న కూతురు ఏర్పేడు దగ్గర క్యాంపస్‌లో పనిచేస్తుంది. ఆ అమ్మాయే నన్ను దుకాణానికి తీసుకుపోయి ట్యాబ్ కొనిపించింది. అన్న ఫోన్లోని రికార్డింగులన్నీ అందులోకి ఎక్కించి, "ఇంక ఈ ఫోన్ పనికిరాదు సిన్నాయనా, తెర పగిలిపోయుండాది" అని దాన్ని అక్కడే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసింది. నేనే ఇచ్చేయమన్నాను. పాత వస్తువు ఇంట్లో పడి ఉండడం దేనికి అనుకున్నాను.

వారం రోజులు ఆ ట్యాబ్‌ను వదిలిపెట్టలేదు. తెరను రెండుగా విడగొట్టి ఒకవైపు పాశురం అక్షరాలు పెద్దవిగా పెట్టుకోవడం, రెండోవైపు అన్న గొంతు ఉన్న ఫైలు నడిపించుకోవడం నేర్చుకున్నాను. దానితో వచ్చిన పెన్నుతో ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ దించాలో గుర్తులు పెట్టుకున్నాను. కళ్ళు మండకుండా తెర రంగు మార్చాను. అలవాటు తప్పకుండా రోజూ మధ్యాహ్నం మూడింటికి అదే గంట కొట్టేలా చేశాను. ఈ వయసులో ఇంత నేర్చుకున్నానని నా మీద నాకే ముచ్చటేసింది.

మొదటి ఫైలు తెరిచిన రోజు మాత్రం మరిచిపోలేను. అన్న గొంతు సవరించుకున్నాడు. ఒక పంక్తి చెప్పాడు. ఆగాడు. నేను తెర చూస్తూ రెండుసార్లు తిరిగి చెప్పాను. సరిగ్గా నేను ముగించగానే అన్న గొంతు వచ్చింది.

"ఆడ కాదు రా. దీర్ఘం ఉండాది సూడు. మల్లా సెప్పు."

ట్యాబ్‌ను పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాను. నేను నిజంగానే ఆ దీర్ఘం మింగేశాను. ఆరు నెలల కిందట పోయినవాడు ఇప్పుడు నేను చేసిన తప్పు ఎలా విన్నాడు? కాసేపటికి తెలివొచ్చింది. చిన్నప్పుడు నాయన ముందు కూడా నేను అదే చోట తడబడేవాణ్ణి. అన్న అది మరిచిపోలేదు, అంతే. లెక్క తెలిసిపోయినా భయం మాత్రం పోలేదు. ఆ తర్వాత ఫైళ్ళలో కూడా నేనెక్కడ తప్పుతానో అక్కడల్లా అన్న నా ముందే కూర్చుని ఉన్నాడు. ఒకసారి పట్టుదలగా తప్పు లేకుండా చెప్పాను. అయినా అన్న "ఆడ కాదు రా" అన్నాడు. ఆ రోజు అన్న మీద జాలేసింది.

మా వదిన ఇల్లు మా ఇంటికి రెండిళ్ళ అవతల. మూడింటికి ఆమె కూడా వచ్చేది. ఆకుకూరో చిక్కుడుకాయలో చాటలో వేసుకుని గుమ్మం పక్కన కూర్చుని తుంచుకుంటూ వినేది. అన్న పాశురం చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆడేవి. అన్న ఆగినప్పుడు ఆమె చేతులు కూడా ఆగిపోయేవి. నేను ఒత్తి ఒత్తి రెండుసార్లు చెబుతుంటే ఒకనాడు నన్నే కసురుకుంది.

"కొంచెం మెల్లగా సెప్పబ్బా. ఏమీ ఇనపడ్డంలా."

ఇనపడకపోవడం ఏమిటి, ట్యాబ్ సౌండు నిండుగానే పెట్టాను కదా అనుకున్నాను. ఆమె ఏం వింటోందో నాకప్పుడు తట్టలేదు.

సంవత్సరీకానికి రెండు నెలలుందనగా నాకు తొందర పట్టుకుంది. ఒక్కో ఫైలు దాదాపు ముప్పావుగంట. ఈ లెక్కన పోతే సగం కూడా కాదు. రికార్డింగులు దిద్దే ఒక యాప్ ట్యాబ్‌లో ముందే ఉంది. దాన్ని కెలుకుతుంటే నిశ్శబ్దం తొలగించే సదుపాయం కనిపించింది. ఒక ఫైలు మీద నొక్కి చూశాను. ముప్పై తొమ్మిది నిమిషాలది పదమూడు నిమిషాలైంది. మూడింట రెండు వంతులు అన్న ఏమీ మాట్లాడలేదన్నమాట! లెక్కల మాస్టారిని, నాకు అంతకంటే సంతోషం ఏముంటుంది? ఫైళ్ళన్నీ ఒకేసారి ఎంచుకుని మీట నొక్కాను. కొత్తవి వేరుగా ఉంచాలా, పాతవాటి స్థానంలో పెట్టాలా అని అడిగింది. ఒకే పాశురానికి రెండు ఫైళ్ళెందుకు, చోటు దండగ అనుకున్నాను. పాతవాటి స్థానంలోనే పెట్టమన్నాను.

మర్నాడు మూడింటికి వదిన వచ్చింది. ఫైలు పెట్టాను. అన్న ఒక పంక్తి చెప్పి, వెంటనే రెండోది, వెంటనే మూడోది చెప్పుకుంటూ పోయాడు. నేను అన్న గొంతులో గొంతు కలిపి తోడుగా చెప్పసాగాను. చాలా హాయిగా ఉంది. వదిన చేతులు చాటలో అలాగే ఉండిపోయాయి. అయిదు నిమిషాలకు లేచింది.

"ఏందబ్బా, యాడికో పోయే మనిషి మాదిరి సెప్తా ఉండాడు?"

"స్పీడు పెట్టినాను వదినా" అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే చేసింది తప్పని తెలిసింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను అన్న కూతురికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఆదివారం వచ్చి ట్యాబ్ అంతా గాలించింది. పాత ఫైళ్ళు ఎక్కడా లేవు. అన్న ఫోన్ ఎవరి చేతుల్లోకి పోయిందో దుకాణంవాళ్ళకే తెలియదు. "పోనీ సిన్నాయనా, నాయన గొంతైతే ఉండాది గదా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు నేను ఇంకో పని చేశాను. అదే యాప్‌తో ప్రతి పంక్తి తర్వాత ఖాళీ చేర్చాను. ఎంత ఖాళీ పెట్టాలో గడియారం పెట్టుకుని కొలిచాను. ఒక ఫైలు పూర్తి చేయడానికి రెండు రోజులు పట్టింది. అది తీసుకుని వదిన ఇంటికి పోయాను.

"సూడు వదినా, మల్లా ముందు మాదిరి అయిపొయ్యింది."

అన్న పంక్తి చెప్పి ఆగాడు. ఆ ఖాళీలో ఏమీ లేదు. గది ఒక్కసారిగా చచ్చిపోయినట్టనిపించింది. అన్న మళ్ళీ మాట్లాడాడు, మళ్ళీ ఆ ఖాళీ వచ్చింది. ఒక మనిషి పోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆ నాలుగు క్షణాల్లో అలా ఉంది. మూడోసారి వదిన చెయ్యి చాపి ట్యాబ్ ఆపేసింది.

"ఇది ఆయన మాట్లాడకుండా గమ్మునుండేది కాదు."

జరిగిందంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"ఆయన రికార్డు సేసేటప్పుడు నేను పక్కనే ఉండేదాన్ని. పంక్తి సెప్పి, కండ్లు మూసుకోని, నీ బదులు లోపలే రెండుతూర్లు అనుకునేవోడు. పెదాలు కదిలేవి. నీకు టైం సాలాల గదా అని. అంత ఆయాసంలో గూడా ఒక్కతూరి తగ్గించింది లేదు. ఆ ఊపిరి ఇనపడేది నాకు. నా గాజులు ఇనపడేవి, కుక్కర్ ఇనపడేది. నేను ఇనేదానికి వచ్చింది అదబ్బా. పాశురాలు నాకెందుకు?"

నలభై ఏళ్ళు నాకు తీరికలేదు. చివరికి అన్న తన ఊపిరిలోంచి నా వంతు తీసి పెడితే, దాన్ని చోటు దండగని చెరిపేశాను. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.

అయినా ఆ చోటు పోనివ్వదలచుకోలేదు. రాత్రనకా పగలనకా చదివాను. సంవత్సరీకం జరిగింది. శనివారం నాడు ఎడమ వరుస మొదటి చోట్లో కూర్చున్నాను. పాశురాలు నోటికి వచ్చాయి, దీర్ఘాలు కూడా తప్పలేదు. మా వరుస సగం చెప్పి ఆగింది. నేను ఆగలేదు. ఎదుటి వరుస అందుకోవలసిన సగంలోకి నా ఒక్కడి గొంతే దూసుకుపోయింది. పెద్దలంతా తలలెత్తి చూశారు. నాలుక కరుచుకుని ఆగాను. తర్వాతి పాశురంలోనూ అదే జరిగింది, ఆ తర్వాత కూడా. ఆగడం ఎక్కడో నాకు ఎవరూ నేర్పలేదు. కాదు, అన్న నేర్పాడు. నేనే తీసేశాను.

పక్కనున్న పెద్దాయన నా తొడ మీద చెయ్యి పెట్టి మెల్లగా అన్నాడు. "తొందరెందుకప్పా. ఆపక్కోళ్ళు గూడా సెప్పల్ల గదా." ఆ చెయ్యి గోష్ఠి ముగిసేదాకా అక్కడే ఉంచాడు. మా సగం అయిపోయినప్పుడల్లా నొక్కాడు. నేను ఆగాను.

ఆ చోటు నాకే ఉంచారు. బయటికి వస్తే మెట్ల దగ్గర వదిన నిలబడి ఉంది. ట్యాబ్ ఆమె చేతికివ్వబోయాను.

"వదినా, ఇది నీ దగ్గర పెట్టుకో. అన్న గొంతన్నా ఉంటాది."

ఆమె తీసుకోలేదు.

"ఆయన గొంతు నేను మరిసిపోయేది లేదబ్బా. చెవుల్లోనే ఉండాది. గమ్మునున్నప్పుడు ఎట్లుండేవోడో, అదే మరిసిపోతా ఉండాను."