గుండెకి రిలీవరు లేడు

రవీ, మీ నాన్నకి బి.పి. నయమైపోయిందని పొద్దున నువ్వన్నావు. నయం కాలేదు నాయనా, మాత్ర దాన్ని అణిచిపెట్టింది. బిగుసుకున్న రక్తనాళాలను అది ఒక్కరోజుకే సడలిస్తుంది. మానేస్తే మళ్ళీ బిగుసుకుంటాయి, గుండెకి చాకిరీ పెరుగుతుంది.

ఈ రోజు డాక్టరు నార్మల్ అన్నాడు. అంతే, ఇంటికి రాగానే మీ నాన్న, తనని చూడడానికి మరోదా ఊరి నుంచి వచ్చిన అప్పారావు చేతిలో మిగిలిన మాత్రలన్నీ పెట్టి, "నీకూ బి.పి.యే కదా, వాడుకో" అన్నారు. ఏం దానగుణం!

నేను గొడవపడితే, "ఏటే నీ గోల? మీటరు బాగుంటే వాల్వు ముట్టుకోకూడదు. ఫర్నేసు నడిపినోణ్ణి, నాకు తెలీదేటి?" అన్నారు.

"ఫర్నేసుకి షిఫ్టయ్యాక రిలీవరొస్తాడు. మీ గుండెకెవడొస్తాడండీ?" అన్నాను.

నవ్వి టీవీ పెట్టుకున్నారు.

మీ చిన్నాన్న ఇలాగే మాత్రలు మానేసి పోయాడు. ఆ పాడె మోసిన మనిషికే భయం లేకపోతే నాకింక ఆశ లేదు. బళ్లో అన్నేళ్లు సైన్సు చెప్పాను, ఇంట్లో మనిషికి మాత్రం ఎక్కించలేకపోయాను. ఎలా చెప్పాలో నీకూ కోడలికీ తోస్తే చెప్పండి.

రేపు పొద్దున్నే మరోదా వెళ్లి, ఆ మాత్రలు మింగొద్దని అప్పారావుకి చెప్పు. డ్యూటీ నుంచి వస్తూ సెక్టర్ 2 మందులషాపులో మీ నాన్నకి కొత్త మాత్రల పట్టీ తీసుకురా.