ఆంటీ వినని జవాబు

మా వీధి చివరింటి ఆంటీ సోమవారం పొద్దున్న పోయారు. ముందురోజు ఛాతీలో నొప్పంటే మా ఆయనే ఎమర్జెన్సీకి డ్రైవ్ చేశాడు. కారులో కూడా "సిగ్నల్ పడింది, ఆగు బాబూ, నా కోసం రూల్ మారదు" అన్నారట. శాంటా క్లారా నుంచి ఫ్లైట్ దిగి నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళిన వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఈజ్ గాన్" అంది. నాకప్పుడు తొమ్మిదో నెల. కుర్చీలోంచి లేవలేక, కూర్చున్నచోటే ఏడ్చాను.

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో మా తెలుగువాళ్ళంతా కార్ల కంపెనీల్లోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటే, ఆంటీ ఒక్కరే ఇక్కడి హైస్కూల్లో రాజ్యాంగం పాఠం చెప్పి రిటైరయ్యారు. సుప్రీంకోర్టులో వాదనలున్న రోజు వాళ్ళ వంటింట్లో ఫోన్ ఆవకాయ జాడీకి ఆనుకుని ఉండేది. ఫోన్లో లైవ్‌గా జడ్జీలు మాట్లాడుతుంటే ఆంటీ గోరుచిక్కుళ్ళు తుంచేవారు. ఎవరైనా దగ్గితే ఏ జడ్జి దగ్గారో చెప్పేవారు. లాయరు నీళ్ళు నమిలితే, "అడిగిందానికి చెప్పవయ్యా, సుత్తి కొట్టకు!" అని ఫోన్‌ని కసిరేవారు. "వాళ్ళేం దేవుళ్ళు కారమ్మాయ్, తప్పులూ చేస్తారు. కానీ ఒకళ్ళు లేచి అడగాలి, వాళ్ళు కూర్చుని వినాలి. నాకు అదిష్టం" అన్నారొకసారి.

ఎదుటివాడి మాట వాడికన్నా బాగా చెప్పగలిగితేనే దాన్ని కాదనే హక్కు నీకుంటుంది అనేవారు. ఎవరినీ వదిలేవారు కాదు. మా తెలుగు సంఘం రెండుగా చీలినప్పుడు రెండు వర్గాల పెద్దలనీ భోజనానికి పిలిచి, ఒకరి తరఫున ఒకరిని వాదించమన్నారు. ఆ దెబ్బకి అందరూ ఒక్కటయ్యారు, ఆంటీ మీద.

ఆఖరుకి ఆ పరీక్ష నాకూ పెట్టారు. తల్లిదండ్రులు మాలా వీసా మీద ఉంటే, ఇక్కడ పుట్టిన పిల్లలు పౌరులు కారని ప్రభుత్వం అంటోంది. ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. నా కడుపులో ఉన్న బిడ్డ ఏ దేశపుదో అక్కడ తేలాలి. నాకు నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి అసలు గొడవేమిటో చెప్పమన్నాను. ఇక్కడ పుట్టి, ఈ దేశపు జురిస్‌డిక్షన్‌లో ఉన్న ప్రతివాళ్ళూ పౌరులేనని రాజ్యాంగంలో ఉందట. ఆ ఇంగ్లీషు మాట మీదే గొడవంతా.

"దానికి తెలుగేంది ఆంటీ?"

"చెప్పుచేతల్లో ఉండటం. మొన్న నీకు స్పీడింగ్ టికెట్ వచ్చిందా? కట్టావా? అయితే ఉన్నట్టే."

ఎన్నాళ్ళకో నవ్వాను. నన్ను నవ్వనిచ్చి, "సరే, ఇప్పుడు గవర్నమెంట్ లాయర్‌వి నువ్వు. వాదించు" అన్నారు.

"నా బిడ్డ మీదనే? నాతోని కాదు ఆంటీ."

"రేపు కోర్టులో ఎవరో ఒకరు వాదిస్తారు కదమ్మాయ్. మొదటిసారే వాళ్ళ నోట వింటే తట్టుకోలేవు. ఇక్కడ నీ నోటితో నువ్వే విను."

విసురుగానే మొదలుపెట్టాను. "టికెట్ టూరిస్ట్ కూడా కడతడు. అది లెక్క కాదు. వీళ్ళు ఉందామని వచ్చినోళ్ళు కాదు. వీసా అయిపోతే పోయేటోళ్ళు. ఇల్లు కొన్నా సూట్‌కేసులు పారెయ్యనోళ్ళు. చుట్టాలకు పుట్టిన పిల్ల ఇంటిపిల్ల ఎట్లయితది?"

ఆ మాటలు నాకెవరూ నేర్పలేదు. వీసా ఎక్స్‌టెన్షన్ వేసినప్పుడల్లా నాలో నేను అనుకునేవే. అవి పైకి వినేసరికి దుఃఖం ఆగలేదు. ఆంటీ నీళ్ళగ్లాసు నా ముందు పెట్టి, ఏడుపు తగ్గేదాకా ఆగారు.

"బాగా చెప్పావు. ఇప్పుడు జవాబు చెప్పు."

"వస్తలేదు ఆంటీ."

"రానీ. వచ్చాక చెబుదువుగాని. కందిపొడి కొట్టాను, పట్టుకెళ్ళు."

ఆ రోజు ఆవిడ మీద మండిపడుతూ ఇంటికొచ్చాను. తెలిసినవాళ్ళంతా "ఏం కాదులే" అంటుంటే ఈవిడకి ఆ ఒక్క మాట అనడానికి నోరు రాదా అని మా ఆయన దగ్గర వాపోయాను. తరవాత వారానికే ఆవిడ పోయారు.

ఆంటీని చివరిచూపుకి ఉంచిన ఫ్యునరల్ హోమ్ పాత స్టూడెంట్లతో నిండిపోయింది. తల నెరిసిన ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చుని, "ఆవిడ చెప్పిందే తిరిగి రాశానని నాకు బి మైనస్ ఇచ్చింది" అని ఇంగ్లీషులో చెప్పి, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

పాప పుట్టింది. వాదనల రోజున పాపని ఒళ్ళో వేసుకుని మా వంటింట్లో ఫోన్ పెట్టుకున్నాను. గవర్నమెంట్ లాయరు మర్యాదగా, తొణక్కుండా మాట్లాడుతున్నాడు. కొద్ది రోజులుండి పోయేవాళ్ళ గురించి అతను చెబుతుంటే ఫోన్ కట్టెయ్యకుండా విన్నాను. అంతకన్నా ఘాటుగా నా నోటితో నేనే అని ఉన్నాను. ఆంటీ నాకు చేసిన మేలు అప్పటికి అర్థమైంది.

జవాబు కూడా అప్పుడే వచ్చింది. పైకే అనేశాను. "చుట్టాలం మేము సార్. మేము వచ్చినం. ఈ పిల్ల యాడినుంచీ రాలేదు."

ఆంటీకి చెప్పాలని ఫోన్ అందుకున్నాను. అందులో జడ్జీలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ లేరన్న సంగతి అప్పుడు, మళ్ళీ కొత్తగా తెలిసింది.

తీర్పు ఇంకా రాలేదు. నా గొంతుకి ఉలిక్కిపడి లేచిన పాప ఏడవలేదు. ఇంకా ఏదో చెబుతానన్నట్టు నా నోటివంకే చూస్తూ ఉంది.