హైదరాబాద్ నుంచి సావోపాలోకు పద్దెనిమిది గంటలు

‘పద్దెనిమిది గంటలు’ అన్న మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో, విదేశాలకు సరుకు పంపే విభాగంలో నేను పనిచేస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కావడం వల్ల పైవారి ముందు ఆచితూచి మాట్లాడడం అలవాటు.

వేడి తగిలితే పాడైపోయే మందు నమూనాలను బ్రెజిల్‌లోని సావోపాలోకు పంపవలసి వచ్చింది. అటువంటివాటిని థర్మాకోల్ పెట్టెలో, గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ల మధ్య సర్ది పంపుతాము. ప్రయాణం పెరిగేకొద్దీ ప్యాక్‌లు పెరగాలి. మా మేనేజరు ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లూ కొట్టి చూశారు.

“పద్నాలుగు వేల చిల్లర కిలోమీటర్లు. పద్దెనిమిది గంటలు. ఒక్క రోజుకు సరిపోను పెట్టుండ్రి, చాలు. ఊకె బరువెందుకు?”

“సార్, అది గీత గీసి కొలిచిన దూరం. నేరుగా పోయే విమానం లేదు. దారిలో రెండుచోట్ల మారాలి, మారిన ప్రతిచోటా పెట్టె గోదాములో ఆగుతుంది” అన్నాను.

ఆయన నవ్వారు. “నువ్వెన్నిసార్లు ఎక్కినవ్ విమానం?”

“ఎక్కలేదు సార్.”

“మరి? నువ్వు రోజు వచ్చే ముత్తంగి బస్సు లెక్కలు నాకు జెప్పకు.”

గదిలో అందరూ నవ్వారు.

పెట్టె సర్దింది చిట్కుల్ నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికురాలు. నేను అక్కా అని పిలుస్తాను. “గంత దూరానికి గిన్నేనా తమ్మీ?” అని అడిగి, పెట్టమన్నన్నే పెట్టింది.

పెట్టె ఐదో రోజున చేరింది. ప్యాక్‌లన్నీ కరిగిపోయి ఉన్నాయి. కొన్నవారు సరుకు తీసుకోలేదు. ప్యాకింగ్‌లో నిర్లక్ష్యం జరిగిందని మేనేజరు సమావేశంలో తేల్చేశారు. సాయంత్రానికి కాంట్రాక్టరు అక్కను రేపటి నుంచి రావద్దన్నాడు.

గేటు దగ్గర ఆమె నన్ను ఆపింది. “నేనేం తప్పు జేసిన తమ్మీ? పని పోయిందంటే చర్చిల అందరు దొంగతనం జేసిందనుకుంటరు.”

నేను తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లాను. “ఆ లెక్క ఇచ్చింది మీరు సార్.”

“కాంట్రాక్టోళ్లు వస్తుంటరు, పోతుంటరు. నువ్వు పర్మినెంటోనివి. నీ పని జూస్కో.”

కొద్ది రోజులకు అదే ఊరికి మళ్లీ సరుకు సిద్ధమైంది. ఈసారి ఆయన ఫోన్‌లో దూరం చూడనేలేదు. “ఐదారు రోజులకు సరిపోను పెట్టుండ్రి” అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. “ఊరు ఏమైనా దూరం జరిగిందా సార్?”

ఎవరూ నవ్వలేదు. “ఏంది నీ బాధ?” అన్నారాయన.

“అక్కను పిలిపించండి. ఆమె వచ్చేదాకా ఈ సరుకు మీద నేను సంతకం పెట్టను.”

నా సంతకం లేనిదే సరుకు గేటు దాటదు. ఆయన పళ్లు నూరుతూ కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు.

మరునాడు అక్క వచ్చింది. ఆయన ఆమె పక్కనుంచే నడిచి వెళ్లారు, తల తిప్పకుండా.

“తప్పు నాది గాదని సార్ ఎవరికన్న జెప్పిండా?” అని అడిగింది.

“లేదక్కా.”

“మరి చర్చిల నేనేం జెప్పాలె?”

ఆమె పెట్టె సర్దింది. నేను కాగితం చిరిగేంత ఒత్తి సంతకం పెట్టాను.