పద్మనాభయ్య గారి కొలత

హజరత్తయ్యకు ఉత్త భుజాలతో నడవడం వచ్చు గానీ, బరువెత్తితే రాదు. అప్పుడిక పరుగే. ఇరవై ఏళ్లు కృష్ణపట్నం నుంచి ముత్తుకూరుకు చేపల కావిడి మోసిన కాళ్లవి. ఎండ ముదిరితే చేప పాడవుతుంది గనుక, భుజాన బరువు పడిందంటే చాలు, అతన్ని అడక్కుండానే ఉరికేవి. కావిడి మానేశాక అరెకరం మడి కౌలుకు చేసుకుంటూ, ఊళ్లోవాళ్ల పైర్లకు మందు కొట్టే పనికి కుదిరాడు.

పందొమ్మిది వందల అరవై మూడులో సొసైటీకి వీపున తగిలించుకునే స్ప్రేయరొకటి వచ్చింది. సొసైటీ పెద్ద పద్మనాభయ్య దానికి పసుపూ కుంకుమా పెట్టించాడు. వ్యవసాయం చూసే గ్రామసేవక్ జీవానందం మాత్రం ముందు ఉత్త నీళ్లు పోసి కొలత చూడాలన్నాడు. డబ్బాడు నీళ్లు ఎంత మడికి సరిపోతాయో తేలితేనే డబ్బాకెంత మందు కలపాలో తెలుస్తుంది. మరి మొదటి డబ్బా మోసే గౌరవం ఇంకొకడికి పోవడమా? పద్మనాభయ్యే తగిలించుకున్నాడు. నలుగురూ చూస్తుంటే ఆయన నడక ఎప్పుడూ నిదానమే, ఆ రోజు మరీ ఊరేగింపైంది. రెండు సెంట్లకే డబ్బా ఖాళీ. అంటే ఎకరానికి యాభై డబ్బాలు. ఎకరానికి పట్టే సీసాడు మందును యాభై పాళ్లు చేసి, డబ్బాకు ఒక పాలు అని కాగితం రాసి స్ప్రేయరుకు అంటించారు.

వరి వెన్నులో పాలు పట్టే వేళకు, ఆ పాలు పీల్చే కంపునల్లి దిగింది. పద్మనాభయ్య ఎకరాన్ని హజరత్తయ్య కాళ్లు ఇరవై ఐదు డబ్బాల్లోనే ముగించేశాయి. సీసాలో సగం మందు మిగిలింది.

"చూసినారా, మన కొలతతో సగం ఆదా!" అని పెద్దమనిషి మీసం దువ్వాడు.

మూడో నాటికి ఆయన మడిలో నల్లులన్నీ క్షేమం. మళ్లీ కొట్టిస్తే తన కొలత తప్పినట్టేనని ఆయన ఊరుకున్నాడు. మర్నాడు హజరత్తయ్య అరెకరం వంతు. నల్లి పాలు పీల్చేస్తే గింజలో మిగిలేది ఉత్త తాలే. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ అరెకరమే. అతనికి భయం పట్టుకుంది.

"సార్, అయ్యగారి నడక వేరు, నా నడక వేరు. నా నడకతో ఒకసారి కొలవండి," అని జీవానందాన్ని బతిమాలాడు.

జీవానందం పక్కనే ఉన్న పద్మనాభయ్య మొహం చూసి గొంతు సవరించుకున్నాడు. "కాగితం అంటించేసినాం గదా. నువ్వే అయ్యగారి మాదిరి నడువు."

హజరత్తయ్య నీళ్ల డబ్బా ఎత్తుకున్నాడు. ఉరకబోయే కాళ్లను బిగబట్టి, పొట్ట ముందుకు పెట్టి, గడ్డం పైకెత్తి, అడుగుకొకసారి ఆగి అటూ ఇటూ తలపంకించాడు. పాపం, వేళాకోళానికి కాదు, అయ్యగారి నడకంటే అతనికి తెలిసింది అదే. చూడ్డానికి గట్టు మీద చేరిన జనం గొల్లుమన్నారు. పద్మనాభయ్య భార్య ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందిరా, నన్నే ఎక్కిరిస్తాండావా? నీ నడక నువ్వు నడువు!" అని పద్మనాభయ్య అరిచాడు.

"అట్నే అయ్యా. లెక్క గూడా నాదే రాయించండి."

అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోలేక పద్మనాభయ్య ఊ అన్నాడు. ఈసారి డబ్బా నాలుగు సెంట్లకొచ్చింది. సీసాను ఇరవై ఐదు పాళ్లే చేసి, డబ్బాకు మందు రెండింతలు కలపాలని జీవానందం కొత్త కాగితం రాశాడు. పైన పెద్ద అక్షరాలతో 'పద్మనాభయ్య గారి కొలత' అని పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

హజరత్తయ్యకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. ఇరవై ఐదు అంకెను వేలితో తడిమి చూసుకుని మందు డబ్బా ఎత్తాడు. కాళ్లు ఉరికాయి. ఆ కోతల్లో తూర్పారబడితే తాలు ఎగిరిందంతా పద్మనాభయ్య కళ్లంలోనే.