చర్చి వెనక హన్నమ్మ ఇల్లు

హన్నమ్మ బస్టాండు ఎదురుగా రాధాకృష్ణమూర్తిగారి లాడ్జిలో పనిచేసేది. గదులు ఊడవడం, దుప్పట్లు ఉతికి ఆరేయడం, కూజాల్లో మంచినీళ్ళు నింపడం ఆమె పని. భర్త జోజప్ప బడిలో బంట్రోతుగా ఉంటూనే జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. తిరువూరులో ఆమెకంటూ మిగిలింది తమ్ముడు లాజరు, చర్చి వెనక వీధిలో ఒక పెంకుటిల్లు.

ఆ వీధి చిన్నదే గానీ చూడముచ్చటగా ఉండేది. ప్రతి ఇంటి ముందూ నందివర్ధనం చెట్టో, బంతి మడో ఉండేది. సాయంత్రమైతే ఆడవాళ్ళు అరుగులు కడిగి కూర్చునేవాళ్ళు. ఊరి బయటి మామిడితోటల మీదుగా గాలి వచ్చేది. రోడ్డు మీది బస్సుల మోత అక్కడికి వచ్చేసరికి సన్నబడిపోయేది.

డెబ్బైమూడో సంవత్సరం, బళ్ళు తెరిచే రోజులు. ఒక సాయంత్రం హన్నమ్మ పని ముగించుకుని లాడ్జి మెట్లు దిగబోతుంటే, ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని బల్ల ముందు నిలబడి ఉన్న ఒకావిడ కనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. మొహమంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"ఎ.కొండూరు దగ్గర బస్సు టైరు పేలిందండీ. అందుకే ఆలస్యమైంది. రేపు హైస్కూల్లో జాయినవ్వాలి, ఒక గది ఇప్పించండి" అంటోంది.

"తోడు ఎవరమ్మా?" అని అడిగాడు రాధాకృష్ణమూర్తి.

"ఎవరూ లేరండీ. ఒక్కదాన్నే."

"ఒంటరి ఆడవాళ్ళకు గది ఇవ్వమమ్మా. మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఏమీ అనుకోకండి."

"నా పోస్టింగు ఆర్డరు చూపిస్తాను."

"ఆర్డరు సంగతి కాదమ్మా" అని ఆయన ఇబ్బందిగా తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. పద్ధతి మార్చడం చేతకాని మనిషి.

ఆవిడ పెట్టె ఎత్తుకుని బయటికి వచ్చి నిలబడింది. విజయవాడ వెళ్ళే ఆఖరి బస్సు కూడా వెళ్ళిపోయింది. హన్నమ్మ రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అమ్మగారూ, మా ఇంట్లో ముందుగది ఖాళీగా ఉంది. ఈ పూటకు వస్తారా? ముందే చెబుతున్నా, మేం పేటవాళ్ళం. క్రైస్తవులం. ఆనక తెలిసి బాధపడొద్దు."

ఆవిడ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూసి, "పద" అంది.

ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి. బందరు ఆవిడ. తండ్రి లేడు, తల్లినీ తమ్ముళ్ళనూ తన జీతం మీదే పోషిస్తోంది. ఆ సాయంత్రం తెచ్చుకున్న అటుకులు తింది. ఎంత దాహం వేసినా మంచినీళ్ళు అడగలేదు. హన్నమ్మ కనిపెట్టింది.

"పెరట్లో బావి ఉందమ్మా. చేద కొత్తది, ఎవరూ వాడలేదు. మీరే తోడుకోండి" అంది.

అలా అన్నందుకు తనకు నొప్పి కలగలేదని హన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదు. కలిగింది. కాకపోతే ఆ వచ్చిన మనిషి మొహంలో అలసట అంతకంటే పెద్దదిగా కనిపించింది.

రెండు రోజుల్లో అద్దెకు ఇల్లు దొరుకుతుందనుకుంది బాలాత్రిపురసుందరి. అగ్రహారంలో అడిగింది, బజారులో అడిగింది. ఎక్కడికి వెళ్ళినా లాడ్జిలో అడిగిన ప్రశ్నే ఎదురైంది. చివరికి ఒక కిరసనాయిలు స్టవ్వు కొనుక్కుని వచ్చి, "నేను ఇక్కడే ఉంటే నీకు అభ్యంతరమా?" అని అడిగింది.

"నాకేం అభ్యంతరం అమ్మా. ఆ గదికి లోపలి గడియ సరిగ్గా పడదు, అదొక్కటే" అంది హన్నమ్మ. మర్నాడు లాజరును పిలిచి తలుపుకు కొత్త గడియ బిగించింది. లాజరు తాపీమేస్త్రి. పెరట్లో స్నానానికి నాలుగు గోడలు లేపి తలుపు పెట్టింది కూడా అతనే.

ముందుగదిలో టీచరుగారు వండుకునేది, వెనక పొయ్యి మీద హన్నమ్మ వండుకునేది. ఎండుచేపల కూర మీద మనసైతే హన్నమ్మ తమ్ముడి ఇంటికి వెళ్ళి తినొచ్చేది. ఈ సంగతి కొన్నాళ్ళకు బాలాత్రిపురసుందరికి తెలిసింది.

"నీ ఇంట్లో నువ్వు వండుకోవడానికి వీధి దాటి పోతున్నావా? హాయిగా వండుకో. నేను కిటికీ వేసుకుంటాను" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ చలికాలంలో కిరసనాయిలుకు కరువొచ్చింది. బడిలో ఇన్‌స్పెక్షను జరిగిన రోజు టీచరుగారు పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఇంటికి వచ్చింది. స్టవ్వులో చుక్క నూనె లేదు. కాళ్ళు కడుక్కుని తిన్నగా వెనక్కి వచ్చి, పొయ్యి పక్కన పీట వాల్చుకుని కూర్చుంది.

"ఏం వండారు హన్నమ్మగారూ?"

"దోసకాయ పప్పండీ" అంది హన్నమ్మ. గారూ అన్న ఆ పిలుపుకు ఆమె చేతిలో గరిటె ఆగింది. పప్పు గిన్నె దించి, "పెట్టమంటారా?" అని అడిగింది.

"పెట్టండి."

ఆవిడ రెండోసారి కూడా అడిగి పెట్టించుకుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒకటే పొయ్యి వెలిగింది.

తర్వాత ఒకరి ద్వారా ఒకరికి తెలిసింది. పరీక్షల డ్యూటీకి వచ్చిన టీచర్లు, బదిలీ మీద వచ్చిన నర్సు, గంపలగూడెం నుంచి కూతురి కాన్పుకు ఆసుపత్రికి వచ్చిన తల్లి, ఇలా ఒక్కొక్కరే వచ్చి, అద్దె ఇచ్చి దిగడం మొదలుపెట్టారు. ఇంటి పక్కనే లాజరు రెండు గదులు వేశాడు. హన్నమ్మ గోడలకు సున్నం కొట్టించి, మంచాలకు కొత్త నవారు వేయించింది. ఉతికిన దుప్పటి, కూజాలో చల్లటి నీళ్ళు, కిటికీలో ఒక నందివర్ధనం రెమ్మ పెట్టేది. పూలు ఎందుకని లాజరు అడిగితే, "వచ్చినవాళ్ళకు ఎవరో తమకోసం ఎదురుచూశారనిపించాలి రా" అంది.

వీధిలో గుసగుసలు కూడా వచ్చాయి. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ళు వచ్చిపోతున్నారేమిటి అన్నారు కొందరు. హన్నమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. సాయంత్రాలు తన అరుగు మీద చాప పరిచి, దిగినవాళ్ళను అక్కడే కూర్చోబెట్టేది. అరుగు మీద బియ్యం ఏరుతూ, కాన్పు కబుర్లు చెప్పుకునే మనుషుల గురించి ఏమని పుకారు పుట్టిస్తారు? పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఈ మాట రాధాకృష్ణమూర్తిగారి చెవిన పడింది. ఒకరోజు ఆమెను బల్ల దగ్గరకు పిలిచాడు.

"నా దగ్గర పనిచేస్తూ నా గిరాకీ నీ ఇంటికి తీసుకెళ్ళిపోతున్నావట. ఇదేం బావుంది హన్నమ్మా?"

"మీరు లేదన్నాకే కదా అయ్యగారూ నేను రమ్మంది" అంది ఆమె.

ఆయన కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, "నలుగురూ నన్ను అడుగుతున్నారు. ఇక్కడ ఉంటావో, అది చూసుకుంటావో తేల్చుకో" అన్నాడు.

హన్నమ్మ ఇంటికి వచ్చి లాజరుకూ టీచరుగారికీ సంగతి చెప్పింది. నికరంగా వచ్చే జీతం వదులుకోవడమంటే ఆమెకు భయమే. లాజరు వద్దన్నాడు. బాలాత్రిపురసుందరి మాత్రం, "భయంగా ఉంటుంది, నిజమే. బందరులో బస్సు ఎక్కినప్పుడు నాకూ అలాగే ఉంది" అని ఊరుకుంది.

మర్నాడు హన్నమ్మ లాడ్జిలో దుప్పట్లన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టింది. గదుల తాళాలు బల్ల మీద ఉంచి, "సెలవండీ అయ్యగారూ" అంది. ఆయన తాళాల వంక చూసి, "నెలాఖరు దాకా ఉండవచ్చుగా" అన్నాడు. కోపంతో కాదు. ఆమె నెలాఖరు దాకా ఉంది.

ఆ తర్వాత కొద్ది నెలలకే, పొద్దువాలే వేళ ఒక రిక్షా వచ్చి ఇంటి ముందు ఆగింది. అందులోంచి ఒక నడివయసు ఆవిడ దిగి, "లాడ్జి ఆయన ఇక్కడికి వెళ్ళమన్నారమ్మా. రిక్షాకు కూడా ఆయనే చెప్పారు" అంది. హన్నమ్మ ఆమె చేతిలో సంచి అందుకుని లోపలికి నడిచింది. అప్పటి నుంచి ఒంటరిగా దిగిన ఆడవాళ్ళందరినీ రాధాకృష్ణమూర్తి చర్చి వెనక వీధికే పంపించాడు. ఆయన పద్ధతి ఆయన మార్చుకోలేదు.

డెబ్బైతొమ్మిదిలో బాలాత్రిపురసుందరికి నూజివీడు బదిలీ అయింది. వెళ్ళిన ఏడాదే హన్నమ్మను పట్టుబట్టి తన ఇంటికి పిలిపించుకుంది. వెళ్ళగానే హన్నమ్మ అలవాటు కొద్దీ చీపురు అందుకోబోయింది. టీచరుగారు లాగేసుకుని, "మీరు చుట్టంగా వచ్చారు. కూర్చోండి" అంది. ఆవిడ తల్లి కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఊరికే కూర్చోవడం హన్నమ్మకు మొదట్లో చేతకాలేదు. రెండో రోజుకు బాగానే వచ్చింది. పొద్దెక్కేదాకా నిద్రపోయింది, మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో కడుపునిండా తింది, సాయంత్రం వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసింది.

తిరిగొచ్చాక లాజరు, "ఎలా ఉందక్కా అక్కడ?" అని అడిగాడు.

"హాయిగా ఉంది రా. మళ్ళీ వెళ్తాను" అంది హన్నమ్మ.