రాజన్న కూర్చునే బండ

ఈ రోజు గాలం తీసుకుని గోదావరికి వెళ్లాను కానీ నీళ్లలో వేయలేదు.

పినపాక దగ్గర వాగు గోదావరిలో కలిసే చోట నేనూ, బొగ్గు గనిలో నాతో పనిచేసిన రాజన్నా పన్నెండేళ్లపాటు ఆదివారాలు చేపలు పట్టాం. ఒడ్డున ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే మాకెప్పుడూ తగాదా. నాకు చెట్ల కింది మడుగు చాలు. ఆయన మాత్రం నీళ్లు సుడి తిరిగే చోట ఉన్న బండనే ఎంచుకునేవాడు. పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు.

పొద్దున ఆయన భార్య లక్ష్మి వదిన ఫోన్ చేసింది. "ఆయన కూసునే జాగ ఒక్కపారి చూపిస్తవా?" అని అడిగింది. మధ్యాహ్నం బండి మీద తీసుకెళ్లాను. ఆమె ఆ బండ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"గిట్ల కాలుతున్నదేంది? నీడకు కూసుంటనని చెప్పేటోడు నాతోని."

"జెల్ల చేపలు ఈడనే పడ్తయని ఎండలనే కూసునేటోడు వదినా."

ఆమె వంగి సుడి తిరిగే నీళ్లను చూసింది. తర్వాత, "మా ఇంట్ల చేపలు తినేది నేనొక్కదాన్నే. ఆయన అసలు ముట్టకపోయేటోడు," అంది.

కొంగు నదిలో తడిపి, బండ మీద పరచుకుని, ఎండలోనే కూర్చుంది. నేను నీడలోకి రమ్మని పిలవలేదు.

పన్నెండేళ్లు పక్కన కూర్చుని ఎర గురించి, నీళ్ల గురించి గంటలకొద్దీ వాదించిన నాకు, ఆయన చేపలు తినడన్న సంగతే తెలియదు. మీ పక్కన కూర్చునే మనిషి గురించి మీకెంత తెలుసు?