సాక్ష్యంలో లేని మాట

మందమర్రిలో కార్మికుల కాలనీ చివర, రేకుల షెడ్డులో నడిచే ప్రార్థన మందిరంలో రాజక్క సాక్ష్యానికి మంచి పేరుంది. ఆదివారం పాటలయ్యాక ఎవరో ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం అక్కడి వాడుక. తక్కినవాళ్లు జ్వరం తగ్గిందనో, పిల్లకు సీటొచ్చిందనో రెండు ముక్కల్లో తేల్చేస్తారు. రాజక్క లేచిందంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవాళ్లు.

ఆమె చెప్పేది ఇదీ. భర్త పోశం బొగ్గుగనిలో పని చేస్తాడు. ఆదివారం సెలవునాడు పడే డ్యూటీని గనిలో ప్లేడే అంటారు. ఒక ఆదివారం పోశానికి ప్లేడే పడింది. ఇది దేవుని దినం, పోవద్దంటే పోవద్దని రాజక్క పట్టుబట్టి అతన్ని మందిరానికి లాక్కొచ్చింది. ఆ పూటే గనిలో పైబండ కూలింది. "నా ఇంటాయనను దేవుడే తప్పించిండు" అని ఆమె చెయ్యెత్తగానే, జనం రేకులు అదిరేలా స్తోత్రం అనేవారు.

బండ కింద పడి చనిపోయింది పక్క క్వార్టర్ కుమారస్వామి. అతని భార్య రేవతి నాలుగు నెలలు గడప దాటలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం, అంతకుముందెన్నడూ మందిరానికి రానిది, ఎవరూ పిలవకుండానే వచ్చి ఆడవాళ్ల చాపల మీద కూర్చుంది. మందిరమంతా పొంగిపోయింది. రాజక్క మాత్రం ఆ రోజు సాక్ష్యం చెప్పమంటే తలనొప్పి అంది. మరుసటి వారం పన్నునొప్పి.

ఎందుకంటే సాక్ష్యంలో ఆమె ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. పోశం బదులు ఆ ప్లేడేకి వెళ్లింది కుమారస్వామే. వెళ్లమని అడిగింది రాజక్కే. ముందురోజు సాయంత్రం వాళ్ల గుమ్మంలో నిలబడి, "తమ్మీ, జర రేపటి డ్యూటీ నువ్వు చూసుకోరాదు" అంది. అప్పుడు రేవతి ఇంట్లో లేదు. ఆమెకు తెలియదన్నదే రాజక్క ధైర్యం.

ఆ ధైర్యం కూడా నిలవక పాస్టర్ రాజం ఇంటికి వెళ్లింది.

"అయ్యగారూ, మా ఇంటాయనను దేవుడు తప్పించిండంటె, కుమారస్వామిని ఎవ్వలు తోలినట్టు?"

రాజం మంచివాడు. తెలియదనడం మాత్రం ఆయనకు చేతకాదు. దేవుడు మనుషులకు స్వేచ్ఛ ఇచ్చాడనీ, పైబండను సరిగా చూసుకోని వాళ్ల నిర్లక్ష్యానికి ఆయన బాధ్యుడు కాడనీ చెప్పాడు.

"మరి మా ఆయనకైతె ఎందుకు అడ్డం పడ్డడు?"

బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు సంగతి చెప్పి, దేవుడు శ్రమలతో మనిషిని పరీక్షిస్తాడన్నాడు.

"పరీక్ష రేవతికైతె, పానం కుమారస్వామిదెందుకు పోవాలె?"

పాస్టర్ కాసేపు బైబిలు పేజీలు తిప్పాడు. "కీడుల నుంచే దేవుడు మేలు తీస్తడమ్మా. సూడు, రేవతి మందిరానికి వస్తలేదా?"

రాజక్కకు ఒళ్లు మండింది. ఒక మనిషిని చాప మీద కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి మీద బండ పడేస్తాడా? అలా అనుకున్నాక భయమేసింది, తాను నిలదీస్తున్నది ఎవరినని. ఒక్కో జవాబూ వింటున్నప్పుడు బాగానే ఉంది. ఇంటికొచ్చేసరికి ఒకదానికొకటి పొసగడం లేదు. పోశం అన్నం తింటుంటే చూస్తూ, ఈయన బతికినందుకు సంతోషపడటం పాపమా అనుకుంది. సంతోషమైతే ఉంది. దానితోనే ఆమెకు అసలు పరేషాన్.

తరువాతి ఆదివారం మంచిర్యాల నుంచి అతిథులొచ్చారు. పాస్టర్ పేరు పెట్టి పిలిచాడు, ఇక తప్పలేదు. రాజక్క లేచి ఎప్పటిలాగే మొదలుపెట్టి, పోశాన్ని మందిరానికి తెచ్చిన దగ్గర ఆగిపోయింది.

"గా డ్యూటీకి కుమారస్వామిని నేనే పంపిన. వాళ్లింటికి పోయి అడిగిన. దేవుడు ఎందుకట్ల జేసిండో నాకు సమజైతలేదు. నేను జేసింది మాత్రం ఎరికే."

ఎవరూ స్తోత్రం అనలేదు. అతిథులు పాస్టర్ వంక చూశారు, పాస్టర్ పాటల పుస్తకం వంక చూశాడు.

కూటం ముగిశాక చెప్పులు విడిచిన చోట రేవతి ఆమె దగ్గరికి వచ్చింది.

"నాకు గా దినమే ఎరికే అక్కా. రాజక్క అడిగింది, కాదనలేకపోయిన అని చెప్పే పోయిండు."

"మరి గిన్నొద్దులు నన్నెందుకు అడగకపోతివి చెల్లె?"

"నువ్వే చెప్తవేమోనని వచ్చి కూసున్న. నీ దేవుని కోసం రాలే."

అంతే, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అది క్షమించడమో, తెంచుకోవడమో రాజక్కకు అంతుపట్టలేదు.

ఆ తర్వాతి ఆదివారం రేవతి రాలేదు. ఆమె కోసం ప్రార్థన చేయమని పాస్టర్ అందరికీ చెప్పాడు. రాజక్క కళ్లు మూసుకుంది గాని, ఏమని అడగాలో తోచలేదు.